హీటర్ కాదు, గాలి సంగతి చూడండి

ప్రశ్న: అట్టపెట్టెల మీద నీటి ఇంకుతో డిజిటల్ ప్రింటింగ్ చేస్తాం. వానాకాలంలో ఇంకు ఆరక చేతికి అంటుతోంది. డ్రయ్యర్ వేడి పెంచితే బిల్లు పెరుగుతోంది, అట్ట వంగుతోంది. దారేది? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వేడి ఇంకా పెంచకండి. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.63 యూనిట్ల కరెంటు చాలు. మీ బిల్లులో చాలా భాగం బయటికి వదిలేస్తున్న వేడిగాలిదే. నేను ఏ ప్రెస్సుకి వెళ్లినా ముందు ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర నిలబడతాను. అక్కడి గాలి వేడిగా, పొడిగా ఉంటే డబ్బు పోతున్నట్టే. దాన్ని తిరిగి డ్రయ్యర్‌లోకి మళ్లించి, తేమ సెన్సర్ పెట్టి, తేమ పెరిగినప్పుడే కొంత వదలండి.

తడి ఇంకుపై తేమగాలి పలచని పొరలా పట్టుకుని ఉంటుంది. అది చెదిరితేనే నీరు కదులుతుంది. నీడలో ఆరేసిన బట్టలు కూడా గాలి వీస్తే ఇట్టే ఆరతాయి కదా! అందుకే డ్రయ్యర్‌లో గాలి ఊదే నాజిళ్లు అట్టకు దగ్గరగా ఉండాలి, గాలి జోరుగా కొట్టాలి. ఇన్‌ఫ్రారెడ్ దీపాలు కొంటే మీడియం వేవ్‌వి చూడండి. వాటి కిరణాల తరంగదైర్ఘ్యం 3 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అక్కడే నీరు వాటిని బాగా పీల్చుకుంటుంది. అట్ట ఆగితే దీపాలు వెంటనే ఆరిపోయే ఏర్పాటు తప్పనిసరి, లేకపోతే నిప్పు అంటుకోవచ్చు.

అట్ట వంగేది ఒకవైపే అతిగా ఎండి కుంచించుకుపోవడం వల్ల. వేడి తగ్గితే అదీ తగ్గుతుంది.

ఇంకొకటి, ఖర్చు లేనిది: ముదురు రంగులకు మూడు రంగు ఇంకులూ (సయాన్, మెజెంటా, పసుపు) కలిపి పోయకుండా, కలర్ ప్రొఫైల్‌లో (ఏ రంగుకు ఏ ఇంకు ఎంత పడాలో చెప్పే ఫైల్‌లో) నల్ల ఇంకు వాటా పెంచమని మీ డిజైనర్‌కి చెప్పండి. అట్ట మీద పడే నీరే తగ్గిపోతుంది.