గోంగూర అని కొడితే గోంగూర రావట్లేదు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాను. కరపత్రానికీ, సీసాల మీద లేబుళ్లకీ బొమ్మలు కావాలని ఫొటోల సైట్లన్నీ గాలిస్తున్నాను. గోంగూర అని కొడితే ఏవేవో ఆకులు, మునక్కాయల కోసం డ్రమ్‌స్టిక్ అని కొడితే కోడి కాళ్లు వస్తున్నాయి. ఒకటి నచ్చి పంపితే ప్రెస్ ఆయన సైజు చాలదన్నాడు. ఫ్రీ అని రాసి ఉన్నవి నిజంగా ఫ్రీయేనా అన్నది ఇంకో టెన్షన్. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ సైట్లలో ఫొటో దొరకడం చాలావరకు దాని కింద ఫొటోగ్రాఫర్ రాసిన పదాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఫొటో తీసినవాళ్లు థాయ్‌లాండ్‌లోనో పుణెలోనో ఉంటారు, వాళ్లు మన పేరు ఎందుకు రాస్తారు? వాళ్లకి తెలిసిన పేరు మనం కొట్టాలి. గోంగూరకి 'రోసెల్ లీవ్స్' అని కొట్టండి. లీవ్స్ అన్న మాట వదిలేస్తే టీ కాచుకునే ఎర్రటి కాయలే పేజీల కొద్దీ వస్తాయి. ఉత్త 'సారెల్' అని కొడితే యూరప్‌లో సూప్‌లో వేసుకునే వేరే ఆకు వస్తుంది, పచ్చగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి తొందరలో చూస్తే సరేలే అనిపిస్తుంది, కానీ లేబుల్ మీద అది పడితే మన ఊళ్లో చిన్నపిల్ల కూడా పట్టేస్తుంది. వేళ్లు విడదీసినట్టున్న ఆకు, ఎర్రటి కాడ కనిపిస్తేనే తీసుకోండి. మునక్కాయకి 'మొరింగా పాడ్స్'. వంకాయని అమెరికా వాళ్లు ఎగ్‌ప్లాంట్ అనీ, బ్రిటన్ వాళ్లు ఆబర్జిన్ అనీ రాస్తారు, బ్రింజాల్ అని రాసేది ఎక్కువగా మన దేశం వాళ్లే, అందుకే మూడూ కొట్టి చూడాలి.

స్పెల్లింగుల దగ్గర తడబడితే ఒక దారుంది. తెలుగు వికీపీడియాలో ఆ మొక్క పేజీ తెరిస్తే శాస్త్రీయ నామం ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తుంది, దాన్ని కాపీ చేసి ఫొటో సైట్లో పెట్టండి. దేశం ఏదైనా ఆ పేరు ఒక్కటే కదా. అదే పేరుతో వికీపీడియా వాళ్లదే అయిన ఉచిత ఫొటోల సైటు వికీమీడియా కామన్స్‌లో వెతికితే మొక్కల ఫొటోలు జాతుల వారీగా సర్ది ఉంటాయి, పువ్వు, ఆకు, గింజ అన్నీ దొరుకుతాయి.

ఒక్క మంచి ఫొటో దొరికిందంటే సగం పని అయినట్టే. దాని పేజీలో కిందికి వెళ్లండి. షట్టర్‌స్టాక్, అడోబీ స్టాక్ లాంటి చోట్ల ఆ ఫొటోకి పెట్టిన పదాలన్నీ వరసగా ఉంటాయి, వాటిలో మీకు తట్టనివి ఏరుకుని మళ్లీ వెతకండి. ఆ ఫొటోగ్రాఫర్ పేరు నొక్కి మిగతావీ చూడండి. గోంగూర కట్టని ఒకసారి బల్ల మీద పెట్టినవాళ్లు ఒక్క ఫొటోతో ఊరుకోరు, పైనుంచి, పక్కనుంచి, దగ్గరగా, దూరంగా తీసి అన్నీ ఎక్కిస్తారు. మీ అక్షరాలు పట్టేంత ఖాళీ ఉన్నది వాటిలోనే దొరుకుతుంది.

సైజు విషయంలో ప్రెస్ ఆయన చెప్పింది నిజమే. ప్రింటుకి మామూలుగా అంగుళానికి 300 పిక్సెళ్లు, అంటే ఫొటోలో ఉండే చిన్న చిన్న చుక్కలు, చూస్తారు. అంటే ఎ4 కాగితం నిండా ఫొటో రావాలంటే 2480 × 3508 పిక్సెళ్లు కావాలి, మూడంగుళాల లేబుల్‌కి 900 చాలు. డౌన్‌లోడ్ దగ్గర చిన్న, మధ్య, పెద్ద అని సైజులు ఉంటాయి, పెద్దదే దించండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే అది నలిగి చిన్నదైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఇక ఫ్రీ సంగతి. అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సబేలలో ఫ్రీగా ఇచ్చే ఫొటోలు వ్యాపారానికి వాడుకోవచ్చు, పేరు వేయాలన్న నిబంధన కూడా లేదు. పై వరసలో స్పాన్సర్డ్ అని కనిపించేవి మాత్రం ప్రకటనలు, నొక్కితే డబ్బులు కట్టే సైటుకి వెళ్తారు. డబ్బులకిచ్చే చోట రాయల్టీ ఫ్రీ అని ఉంటే అది ఉచితమని కాదు, ఒకసారి కొంటే వాడిన ప్రతిసారీ మళ్లీ కట్టక్కర్లేదని. ఏ సైటు ఫొటో అయినా మీ బ్రాండ్ గుర్తుగా మాత్రం పెట్టుకోకండి, దాదాపు అందరూ అది కుదరదనే రాస్తారు. పైగా అదే ఫొటో పక్కవీధి పచ్చళ్ల వాళ్లూ వాడుకోవచ్చు కదా.

ఒక మాట గట్టిగా చెప్తాను, ఆకులకీ కాయలకీ సైటు ఫొటోలు వాడండి, పచ్చడికి వద్దు. 'మ్యాంగో పికిల్' అని కొడితే ఎక్కువగా వచ్చేది ఉత్తరాది అచార్, నూనె తేలి, ఆవపిండీ కారమూ ఎర్రగా పట్టిన మన ఆవకాయ కాదు. ఒకవేళ దొరికినా అది వేరేవాళ్లు పెట్టిన పచ్చడి. మీరు పెట్టినదాన్నే తెల్ల పింగాణీ గిన్నెలోకి తీసి, పొద్దున పూట కిటికీ పక్కన ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీయండి. కొనేవాళ్లు చూడాలనుకునేది దాన్నే.

ప్రశ్న: సర్, కరీంనగర్ జిల్లాలో టీచర్‌ని. స్కూల్ సావనీర్‌లో రైతు కష్టాల మీద పిల్లలు రాసిన వ్యాసానికి ఫొటో కావాలి. 'ఇండియన్ ఫార్మర్' అని కొడితే తలపాగా చుట్టుకుని నోట్ల కట్ట పట్టుకుని నవ్వే మనుషులే వస్తున్నారు. – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: సర్, నేను మేడమ్‌నే, ఫర్వాలేదు. బ్యాంకు లోన్లు, ట్రాక్టర్లు అమ్మేవాళ్లకి అలాంటి ఫొటోలే కావాలి, అందుకే అవి అన్ని ఉన్నాయి. మీరు వ్యాసం శీర్షికని వెతుకుతున్నారు. కెమెరా ముందు ఏం ఉండాలో అది వెతకండి. కష్టం అంటే మీ పిల్లలు ఏం రాశారు? నాట్లా, ఎండిన బావా, తడిసిన ధాన్యమా? నాట్లయితే 'పాడీ ట్రాన్స్‌ప్లాంటింగ్ విమెన్' అనండి, ధాన్యమయితే 'పాడీ డ్రైయింగ్ రోడ్' అనండి. మన రోడ్ల మీద వడ్లు ఆరబోసే దృశ్యం అలా దొరుకుతుంది. పత్తికి 'కాటన్ పికింగ్ ఇండియా'. పక్కన తెలంగాణ అనో దక్కన్ అనో చేర్చి చూడండి, ఫలితాలు తగ్గుతాయి కానీ నేల రంగు మనదిలా ఉంటుంది. సైటులో ఏఐ బొమ్మలు తీసేసే ఫిల్టర్ ఉంటే తప్పకుండా పెట్టండి. అడోబీ స్టాక్‌లో అది ఉంది. ఏఐ గీసిన పొలంలో నాగలి ఎద్దుకి ఎక్కడ కట్టారో కూడా అర్థం కాదు, ఊరి పిల్లలు చదివే పుస్తకంలో అది రాకూడదు.

ముఖాల విషయం మాత్రం ఆలోచించండి. అప్పులు, ఆత్మహత్యల గురించి రాసిన పేజీలో ఎవరో తెలియని మనిషి ముఖం దగ్గరగా వేస్తే, ఆయనకే అది జరిగిందని చదివేవాళ్లు అనుకుంటారు. డబ్బులకిచ్చే సైట్లలో చాలావరకు ఇలాంటి వాడకాన్ని నిబంధనల్లోనే అడ్డుకుంటాయి, లేదా షరతులు పెడతాయి, ఫ్రీ సైట్లలోనేమో ఆ మనిషి ఒప్పుకున్నట్టు కాగితం ఉందన్న గ్యారంటీ లేదు. చేతులు, పాదాలు, వెనకనుంచి నడిచి వెళ్తున్న మనిషి, ఖాళీ నేల, వీటిలో ఏదైనా సరిపోతుంది. నన్నడిగితే మీ ఊరి పొలంలో, ఆ రైతుని అడిగి, పిల్లలతోనే తీయిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: 'ఫొటో: గూగుల్' అని కింద వేస్తే సరిపోతుందా? – ఒక చిన్న పత్రిక సంపాదకుడు

జవాబు: సరిపోదండీ. గూగుల్ వెతికి చూపిస్తుందంతే, ఫొటో వేరేవాళ్లది. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత, మన దేశంలో ఫొటో తీసినవాళ్లు బతికున్నంత కాలం, వాళ్లు పోయిన తర్వాతి సంవత్సరం నుంచి ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్ నొక్కితే యూసేజ్ రైట్స్ అని వస్తుంది, అందులో క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో అందరూ వాడుకోవచ్చని తీసినవాళ్లే ఇచ్చే లైసెన్సు) ఎంచుకుని, ఫొటో ఉన్న అసలు పేజీకి వెళ్లి లైసెన్సు చదవండి. సీసీ బై (CC BY) అని ఉంటే తీసినవాళ్ల పేరు, లైసెన్సు పేరు, దాని లింకు వేయాలి, కత్తిరించినా రంగు మార్చినా ఆ సంగతీ రాయాలి. సీసీ బై ఎస్ఏ (CC BY-SA) అయితే, మీరు మార్చిన బొమ్మని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. డౌన్‌లోడ్ చేసిన రోజే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఫొటోతో పాటు ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి, తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఉంటుంది.