వెండి పిడి గాజు జగ్గును అమెరికా తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: మా తాతగారు మద్రాసులో ఒక ఇంగ్లీషు దొర దగ్గర పనిచేసేవారు. ఆ దొర వెళ్లిపోతూ ఇచ్చిన గాజు జగ్గు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మూత, పిడి వెండివి. పిడి మీద సింహం, లంగరు, ఒక అక్షరం, ఎవరిదో తల చిన్నగా కొట్టి ఉన్నాయి. డాలస్‌లో ఉంటున్న మా అమ్మాయి ఈసారి వచ్చినప్పుడు పట్టుకెళ్తానంటోంది. అమ్ముకోవడానికి కాదు కదా, బిల్లు లేకపోయినా ఫర్వాలేదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ జగ్గును సూట్‌కేసులో పెట్టుకోవద్దని ముందు మీ అమ్మాయికి చెప్పండి. బిల్లు సంగతి తర్వాత, ఇక్కడ చూడాల్సింది వస్తువు వయసు.

1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళాత్మక వస్తువు, చేతిపని వస్తువు పురావస్తువు కిందికి వస్తాయి. 3వ సెక్షన్ ప్రకారం వాటిని కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థలు తప్ప ఎవరూ ఎగుమతి చేయకూడదు. ఎగుమతి అంటే దేశం బయటికి తీసుకెళ్లడమే. అమ్మినా, కన్నబిడ్డకు ఇచ్చినా, కొరియర్‌లో పంపినా ఒకటే. ఇంగ్లండులో చేసిన వస్తువు కదా అని కొందరు వాదిస్తారు. ఎక్కడ తయారైందన్న షరతు ఆ నిర్వచనంలో లేదు.

వయసుకు సాక్ష్యం మీ జగ్గు మీదే ఉంది. సింహం 92.5 శాతం వెండికి గుర్తు. లంగరు బర్మింగ్‌హామ్‌లో పరీక్షించిన ముద్ర. అక్షరం ఏటా మారుతుంది కాబట్టి దాని ఆకారం, చుట్టూ ఉన్న గడి చూసి సంవత్సరం తేల్చవచ్చు. ఆ తల విక్టోరియా రాణిది అయితే ఇక అనుమానమే అక్కర్లేదు. అది సుంకం కట్టినట్టు వేసిన ముద్ర, 1890లో సుంకంతోపాటే పోయింది. భూతద్దంతో చూడండి. దయచేసి పండగకని చింతపండు పెట్టి తోమకండి, ముద్రలు అరిగిపోతాయి.

విమానాశ్రయంలో పట్టుబడితే జగ్గు పోవడమే కాదు, 25వ సెక్షన్ కింద కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు, జరిమానా ఉంటాయి. సెలవులకు వచ్చిన పిల్లకు ఆ టెన్షన్ ఎందుకు? ముద్రలు చూశాక వందేళ్లు లేవనిపిస్తే, భారత పురావస్తు శాఖకు ఫొటోలతో దరఖాస్తు చేసి, పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోండి. అది చేతికొచ్చాకే ప్రయాణం.

దేశం లోపల మాత్రం మీకు ఏ అడ్డూ లేదు. జగ్గు మీదే, ఉంచుకోవచ్చు, అమ్మాయి పేర రాయవచ్చు. వీలునామాలో 'గాజు జగ్గు ఒకటి' అని వదిలేయకుండా ముద్రల వివరాలు రాయించి, ఫొటో జతచేయండి.