గైడ్ గారు సమ్మర్ స్కూల్ పనులు చూడమన్నారు, ఒప్పుకోవచ్చా?

గాజువాక నుంచి ఒక తండ్రి రాశారు: "నేను స్టీల్‌ప్లాంట్‌లో పని చేస్తాను. మా అమ్మాయి వైజాగ్‌లోనే ఎం.టెక్ మెషిన్ డిజైన్ మొదటి సంవత్సరం. మే నెలలో వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో మెకానిక్స్ మీద, అంటే బలాలు, కదలికల శాస్త్రం మీద, పది రోజుల సమ్మర్ స్కూల్, ఆ తర్వాత రెండు రోజులు సింపోజియం పెడుతున్నారట. గైడ్ గారు ఏర్పాట్లు చూడమన్నారు. ఆగస్టు నుంచి ప్లేస్‌మెంట్లు. చదువుకోమని పంపితే ఈ కుర్చీలు సర్దే పనేమిటని నాకు టెన్షన్‌గా ఉంది."

కుర్చీలు, భోజనాలు, ఫ్లెక్సీలు, స్టేషన్‌కి కారు పంపడం. మీ అమ్మాయికి దక్కేది ఇంతే అయితే మీ బాధలో న్యాయం ఉందండీ. కానీ అసలు పని వేరే ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్ క్యాపిటల్ రిపేర్‌కి ప్లాన్ వేసే మనిషికి ఫర్నేస్ తెలియకపోతే ఏమవుతుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. సమ్మర్ స్కూల్‌కి ప్లాన్ వేయడమూ అంతే.

సింపోజియం అంటే ఒకే ఇరుకైన అంశం మీద పని చేసేవాళ్లు కొద్దిమంది కూర్చుని తమలో తాము వాదించుకోవడం. సమ్మర్ స్కూల్లో ఆ పెద్దలే కుర్రాళ్లకు మొదటి నుంచి పాఠం చెబుతారు. ఇటలీలోని ఉడీనేలో ఇలాంటి పాఠాల కోసమే 1968లో ఒక అంతర్జాతీయ కేంద్రం పెట్టారు. ఆ పాఠాల నోట్సు తర్వాత పుస్తకాలై ప్రపంచమంతా తిరుగుతుంది. 1946లో ఏర్పడిన అంతర్జాతీయ మెకానిక్స్ సమాఖ్య, ఐయూటామ్, నిర్వహించే సింపోజియాలకైతే ఆహ్వానం ఉంటేనే వెళ్లాలి. ఈ సమాఖ్య మూలం ఇంకా వెనక ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత శత్రుదేశాల శాస్త్రవేత్తలు ఒకరి ముఖం ఒకరు చూడని రోజుల్లో, 1922లో ఇన్స్‌బ్రుక్‌లో వాళ్లను ఒక్కచోట కూర్చోబెట్టడానికి పూనుకున్నది థియోడర్ వాన్ కార్మన్, లెవీ-చివీటా. ఒకరు ఏరోడైనమిక్స్‌లో దిగ్గజం, ఇంకొకరు గణితంలో. ఎవరిని పిలవాలి, ఏ విషయం మాట్లాడించాలి అన్నది శాస్త్రం తెలిసినవాళ్లే తేల్చగలరు.

చిన్న స్థాయిలోనూ అంతే. అతిథి ఫ్లైట్ వీలును బట్టి ఫైనైట్ ఎలిమెంట్ పాఠం (వస్తువుని చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌తో లెక్కకట్టే పద్ధతి) మొదటి రోజు పెట్టేసి, దానికి పునాది అయిన టెన్సర్ల గణితం, స్ట్రెస్ (లోపలి ఒత్తిడి), స్ట్రెయిన్ (సాగడం, కుదించుకోవడం) నాలుగో రోజుకి నెట్టారనుకోండి, పిల్లలు మొదటి రోజే చేతులెత్తేస్తారు. ఆ తప్పు టైమ్‌టేబుల్ కాగితం మీద ఉండగానే పట్టుకోవాలంటే విషయం తెలియాలి.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను ఎం.టెక్ చదివేటప్పుడు ఒక సింపోజియంలో చదవబోయే పేపర్ల సారాంశాల పుస్తకం పని నా చేతిలో పెట్టారు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక డీటీపీ సెంటర్లో ప్రూఫ్ తీస్తే సమీకరణాల్లోని గ్రీకు అక్షరాలు సిగ్మా, ఎప్సిలాన్, టౌ అన్నీ ఖాళీ పెట్టెలై కూర్చున్నాయి. రాత్రి పది దాటింది. ప్రతి పెట్టెలో ఏ అక్షరం ఉండాలో తెలియాలంటే ప్రతి సమీకరణం చదివి అర్థం చేసుకోవాల్సిందే. ఒక సారాంశంలో స్ట్రెస్ గుర్తు తలకిందులుగా ఉందనిపించి, ప్లస్ ఉన్నచోట మైనస్ పెట్టేశాను. మర్నాడు ఆ పేపర్ రాసిన పెద్దాయన ఫోన్ చేశారు. కోప్పడలేదు. "బాబూ, మీరు లోహాల వాళ్లు, లాగితే ప్లస్ అంటారు. మేము మట్టి వాళ్లం. మట్టిని లాగేదేముంది, నొక్కడమే. అందుకని మాకు నొక్కితేనే ప్లస్" అన్నారు. తరగతిలో నాకెవరూ చెప్పని మాట అది. తర్వాత పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఈ ప్లస్, మైనస్ గుర్తుల గురించి అడిగితే ఆయన మాటే నోటికొచ్చింది.

అందుకే మీ అమ్మాయిని ఒప్పుకోమనండి, కానీ పని ఎంచుకుని ఒప్పుకోమనండి. గైడ్ గారిని మర్యాదగా ఇలా అడగమనండి: "సార్, సారాంశాలు, పాఠాల నోట్సు, మధ్యాహ్నం ట్యుటోరియల్ లెక్కల షీట్లు నేను చూస్తాను. ఉదయం పాఠాలు మాత్రం అన్నిటికీ కూర్చుంటాను." ఈ రెండో వాక్యం అసలు వదలకూడదు. ఆర్గనైజింగ్ కమిటీ అన్న సర్టిఫికెట్ ఒక్కటే చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఆ పది రోజుల్లో ఏం నేర్చుకున్నావని అడిగితే బోర్డు దగ్గరికెళ్లి చెప్పగలగాలి. అతిథులు తిరుగు ప్రయాణానికి ముందే తన ప్రాజెక్ట్ గురించి కనీసం ఇద్దరితో పావుగంట మాట్లాడమనండి.

తనకు వైబ్రేషన్లు, ద్రవంలో కదిలే వస్తువుల మీద ఆసక్తి ఉంటే వైజాగ్‌ని మించిన ఊరు తక్కువ. టార్పెడోల మీద పని చేసే నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్ ఇక్కడే ఉంది, షిప్‌యార్డ్ ఉంది, మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మెకానికల్, ఫార్మా, మేనేజ్‌మెంట్ అన్నీ ఒకే హోటల్ హాల్లో, ఒకే రోజు, ఫీజు కడితే చాలు పేపర్ తీసుకుంటాం అనే "ఇంటర్నేషనల్ కాన్ఫరెన్సులు" ఉన్నాయి. వాటికి పైసా కట్టకండి, వాటి కోసం తిరగనివ్వకండి. మాట్లాడేవాళ్ల పేర్లు, అంశం ఎంత ఇరుగ్గా ఉంది అన్నవి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ప్లేస్‌మెంట్ల సంగతి: మేలో పన్నెండు రోజులు పోయినా జూన్, జూలై చేతిలో ఉంటాయి. ఆప్టిట్యూడ్ ప్రాక్టీసు రోజుకో గంట చొప్పున ఇప్పుడే మొదలుపెడితే సరిపోతుంది. ఇక ఆ రోజుల్లో పని తెమిలేసరికి రాత్రవుతుంది. గాజువాక దాకా రోజూ బస్సులో రావడం కష్టం. ఆ పన్నెండు రోజులకు హాస్టల్లో గది ఇప్పించమని గైడ్ గారిని ముందే అడగండి. సెలవుల్లో గదులు ఖాళీగానే ఉంటాయి.