జాతీయ గుర్తింపా, జాతీయ అస్మితా?

సందేహం: మా ఊళ్లో ఒక చిత్రప్రదర్శన కరపత్రం మీద ‘జాతీయ గుర్తింపుపై మహిళా కళాకారిణుల స్పందన’ అని వేశారు. వాళ్లకు ఢిల్లీ స్థాయి పురస్కారాలు వచ్చాయనుకున్నాను. తీరా చూస్తే దేశవిభజన, భారతమాత, పౌరసత్వం మీద బొమ్మలు. ఈ ప్రయోగం సరైనదేనా? – ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: తప్పు మీది కాదమ్మా, కరపత్రానిది. గుర్తింపు ఒకరు ఇస్తే మరొకరు పొందేది. ఉక్కు కర్మాగారంలో ‘గుర్తింపు సంఘం’ ఎన్నికలు చూసే విశాఖవాసులకు ఇది వేరే చెప్పాలా? ‘నేనెవరిని’ అన్న ప్రశ్న ఆ మాటలో ఇమడదు. ఇంగ్లీషు ‘ఐడెంటిటీ’కి నిఘంటువులో మొదట కనబడ్డ అర్థాన్ని ఎత్తి రాస్తే వచ్చే చిక్కే ఇది.

‘నేనెవరిని’ అన్న అర్థానికి అస్తిత్వం, అస్మిత అని రెండు మాటలున్నాయి. రెంటికీ మూలమైన ‘అస్’ ధాతువుకు ఉండడమని అర్థం. ‘అస్తి’ అంటే ఉన్నది. ‘త్వ’ చేరి అస్తిత్వమైంది. ‘అస్మి’ అంటే ఉన్నాను; ‘తా’ చేరి అస్మిత అయింది. మొదటిది ఎవరి గురించైనా ఎవరైనా అనగలిగే మాట. రెండోది ఎవరికి వారే అనుకోవాలి. యోగసూత్రాల పతంజలి అస్మితను పంచక్లేశాల్లో, అంటే మనిషిని బాధపెట్టే అయిదింటిలో, చేర్చాడు కాబట్టి అహంకారపు వాసన ఉందని జంకేవారున్నారు. ఆ పాటి అహం లేనిదే కళ లేదు.

ముద్దుపళనిని చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి. తన శృంగారకావ్యం ‘రాధికాసాంత్వనం’ అవతారికలో, అంటే కావ్యం మొదటి పరిచయంలో, తన అందం, తన విద్య, తనకు కృతులు అంకితమిచ్చిన కవుల సంగతి తానే చెప్పుకుంది. అస్మిత అంటే అదీ! తర్వాతి అచ్చుప్రతిలో ఆ అవతారికే ఎగిరిపోయింది. వీరేశలింగం పంతులుగారు కావ్యాన్ని అసభ్యమన్నారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. పూర్తి పాఠం సంపాదించి 1910లో ప్రచురణకర్తలు వావిళ్లవారి చేత అచ్చు వేయించింది. సిగ్గూ ఎగ్గూ ఆడవాళ్లకేనా అని పీఠికలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా తొలగలేదు. పరాయి ప్రభుత్వమూ స్వదేశీ సంస్కర్తా ఒకే వైపు నిలిచినప్పుడు ఎదురు నిలిచింది ఒక దేవదాసి, ఈ నాగరత్నమ్మ. రాజకీయానికి కళాకారిణి జవాబు ఎలా ఉంటుందని అడిగేవారికి ముందు ఆ పీఠిక చదవమంటాను.

‘మహిళా కళాకారిణి’ పునరుక్తి, కళాకారిణి చాలు. ‘పై స్పందన’ పత్రికల అలవాటు. దేనికి స్పందిస్తామో దానికి ‘కు’ రావాలి.

‘జాతీయ అస్మిత – కళాకారిణుల ప్రశ్నలు’ అని వేసి ఉంటే సరిపోయేది. ఉద్యమాల సందర్భంలో ‘అస్తిత్వం’ ఇప్పటికే స్థిరపడింది, దాన్ని కాదనను. అయితే ‘అస్తిత్వవాదం’ అనగానే ఫ్రెంచి తత్త్వవేత్త సార్త్ర్ తత్త్వం గుర్తుకొచ్చే పాఠకులూ ఉంటారు, చూసి వాడాలి.