సీసపెంకులతో నగలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల సముద్రపు గాజుతో, అంటే అలలకు అరిగి ఒడ్డుకు చేరిన పగిలిన సీసాల పెంకులతో, చేసిన కమ్మల ఫొటో వేసినప్పటి నుంచి ఉత్తరాలన్నీ వాటి మీదే వస్తున్నాయి. మిర్యాలగూడలో కూచుని సముద్రం ముచ్చట్లేందని మా ఇంట్లో నవ్వుతున్నారు. నవ్వనీయండి. మా నాన్న గాజుల మలారం భుజానేసుకుని దామరచర్ల, హాలియా, నిడమనూరు తిరిగిన మనిషి. పగిలిన గాజుముక్కలను దీపం మీద వంచి గొలుసులు అల్లడం నాకు ఐదో తరగతికే వచ్చు. ఇప్పుడు చేస్తున్నదీ ఇంచుమించు అదే పని.

అక్కా, సెలవుల్లో సూర్యలంక పోయినం. పిల్లలు 11 పెంకులు ఏరుకొచ్చారు. కొన్ని మసకగా, నున్నగా ఉన్నాయి. కొన్ని ఇంకా మెరుస్తున్నాయి. లాకెట్ చేయాలని ఉంది కానీ బెజ్జం వేస్తే పగులుతాయేమోనని టెన్షన్.
— ఒక పాఠకురాలు, దేవరకొండ

ముందు అన్నీ కడిగి, బాగా ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూడు చెల్లె. తడిగా ఉన్నప్పుడు ఏ పెంకైనా అందగత్తే. ఆరినాక కూడా మెరిసేవి పచ్చివి, అంచు ఇంకా కోస్తుంది. వాటిని మళ్ళీ సముద్రంలో వేయొద్దు, ఎవరి కాలో తెగుతుంది. మసకబారినవే పండినవి. అలలు ఇసుకలో దొర్లించి దొర్లించి పైపొరను అరగదీస్తాయి. ఇసుకలోని క్వార్ట్జ్ గాజు కన్నా గట్టిది మరి. అదీగాక ఉప్పునీళ్ళలో నానీ నానీ గాజులోని సోడా, సున్నం కొద్దికొద్దిగా కరిగిపోయి, కంటికి ఆనని గుంటలు పడతాయి. ఇదంతా జరగడానికి 20 నుంచి 40 ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇక బెజ్జం సంగతి. నా మొదటి పెంకు గోళీసోడా సీసాది. లేత ఆకుపచ్చ, అందులో కొంచెం నీలం, మెడ దగ్గరి వంపు అట్లనే ఉంది. (ఆ గోళీ మూత సీసాకు 1872లో పేటెంట్ తీసుకున్నది హైరమ్ కాడ్ అనే ఇంగ్లిషాయన. మన జాతరల్లో ఇప్పటికీ నడుస్తోంది.) ఒకే వైపు నుంచి తోసుకుంటూ పోయాను. తీరా బిట్టు అవతలికి వచ్చేసరికి కందిబద్దంత పెచ్చు ఊడింది. ఆ పెంకు ఇంకా నా దగ్గరే ఉంది. అప్పటి నుంచి ఈ పక్క సగం, ఆ పక్క సగం.

స్టీలు గిన్నెలో చెక్కముక్క పెట్టి, దాని మీద పెంకు ఉంచి, మునిగేంత వరకే నీళ్ళు పోయి. ఛార్జింగుతో నడిచే చిన్న డ్రిల్లే వాడు, కరెంటు వైరున్నదాన్ని నీళ్ళ పక్కకు తేవద్దు. ఒక మిల్లీమీటరు డైమండ్ బిట్టు చాలు. మొదట బిట్టును వాల్చి చిన్న గాటు పెట్టు, లేకపోతే జారి పెంకంతా గీతలు పడతాయి. తర్వాత నిటారుగా దించు. ఒత్తొద్దు. రెండు మూడు సెకన్లకోసారి పైకి లేపితే బెజ్జంలోకి నీళ్ళు పోయి వేడి తగ్గుతుంది. నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లబడుతుంటే పని సాగుతున్నట్టు. కీచుమని అరిస్తే చేతి బరువు ఎక్కువైనట్టు. ఆ గాజుపొడి ఊపిరితో లోపలికి పోకూడదు, అందుకే పొడి పెంకుకు ఎప్పుడూ డ్రిల్లు పెట్టొద్దు.

అసలు నన్నడిగితే మంచి పెంకుకు బెజ్జమే వద్దు, రాగి తీగ చుట్టు. బోరు మోటార్లు ఉన్న ఊళ్ళో వైండింగ్ షాపు ఉండకపోదు. అక్కడ 22 గేజీ కొత్త తీగ తూకానికి అడుగు. దాని మీద పూత ఉంటుంది కాబట్టి తొందరగా నల్లబడదు. కాలిన మోటారులోంచి తీసిన తీగ ఊరికే ఇస్తామంటారు, తీసుకోవద్దు, పూతంతా మాడిపోయి ఉంటుంది. కమ్మలైతే చెవిలో దూరే కొక్కెం మాత్రం వెండిదే పెట్టు.

ఆన్‌లైన్‌లో 'సీహామ్ అసలు సముద్రపు గాజు' అని 40 ముక్కల ప్యాకెట్ తెప్పించాను. అన్నీ ఒకే సైజు, ఒకే ముదురు నీలం. మోసపోయానా?
— ఒక పాఠకురాలు, వనపర్తి

పోయినట్టేనండీ. సీహామ్ నిజంగానే ఉంది, ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో. అక్కడ 1853 నుంచి 1921 వరకు సీసాల కార్ఖానా నడిచింది. మిగిలిపోయిన గాజును సముద్రంలో పారబోసేవాళ్ళు. ఒకే ముక్కలో రెండు మూడు రంగులు కలిసి దొరకడం ఆ ఊరి ప్రత్యేకత. ఒకే అచ్చులో పోసినట్టున్న 40 నీలం ముక్కలు అక్కడివని నేనైతే నమ్మను. ఏ ఒడ్డునైనా ఎక్కువగా దొరికేవి తెలుపు, గోధుమరంగు, ఆకుపచ్చ. నీలం ఎక్కువగా పాత ఔషధాల సీసాలది, అరుదు. ఎరుపు, నారింజ ఇంకా అరుదు.

భూతద్దంతో చూడండి. అసలు పెంకు మీద చంద్రవంకల్లాంటి చిన్న గీతలు అక్కడక్కడా ఉంటాయి, మసక ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. మీ వాటి మీద పౌడరు రాసినట్టు సమానంగా ఉంటే, అవి డ్రమ్ములో కార్బోరండం అనే అరగదీసే పొడి, నీళ్ళు పోసి కొన్ని రోజులు తిప్పినవో, యాసిడ్‌లో ముంచినవో అయి ఉంటాయి. యాసిడ్ పద్ధతి మీరు మాత్రం ప్రయత్నించకండి. గాజును తినే ఆ హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చర్మంలోంచి ఎముక దాకా పోతుంది.

డ్రమ్ము నా దగ్గరా ఉంది. గ్రానైట్ పాలిష్ చేసేవాళ్ళ దగ్గర పొడి తెచ్చుకుని తిప్పుతాను. కానీ 'తిప్పినవి' అని చీటీ మీద రాసి తక్కువకే అమ్ముతాను. మీకు అమ్మినవాళ్ళ మీద నా కోపమంతా ఆ చీటీ లేనందుకే. ముక్కలు పారేయకండి, గాజు గాజే కదా. పిల్లల గొలుసులకు బాగుంటాయి.

మాకు సముద్రం దూరం. బీచుపల్లి దగ్గర కృష్ణలో పెంకులు దొరుకుతాయి. పనికొస్తాయా?
— ఒక పాఠకుడు, గద్వాల

వస్తాయి తమ్ముడూ. కాకపోతే మంచినీళ్ళలో ఆ గుంటలు అంతగా పడవు. అంచు మొద్దుబారుతుంది, మసక పలచగా ఉంటుంది. 2016 పుష్కరాలకు పగిలిన సీసాలకు ఇంకా టైముంది. నేను వాడపల్లిలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట ఏరుతాను. మూసీ హైదరాబాద్ మురుగును కూడా మోసుకొస్తుంది, అందుకని రబ్బరు చేతొడుగులు వేసుకుంటాను, ఇంటికొచ్చాక బ్లీచింగ్ నీళ్ళలో ఒక పూట నానబెడతాను. ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడే దిగండి. పైన డ్యాముల గేట్లు ఎత్తే రోజుల్లో ఒడ్డు ఛాయలకు కూడా పోవద్దు.

వెండిలో పొదిగించుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, మక్తల్

పొదిగించుకోవచ్చు. అయితే అవుసలాయనకు ముందే చెప్పాలి, టంకం పని మొత్తం అయ్యి, వెండి చల్లారినాకే పెంకు కూర్చాలని. నేను చెప్పకుండా ఇచ్చొచ్చాను. ఆయన పెంకు లోపల ఉండగానే మంట పెట్టాడు. 'టప్'మంది. గోధుమరంగు పెంకు, నాలుగు ముక్కలు.

పగిలిన గాజు ఇంట్లో ఉంటే అరిష్టమని మా అత్తమ్మ రోజూ గొడవ. ఏం చెప్పాలి?
— ఒక పాఠకురాలు, నకిరేకల్

మా అమ్మదీ ఇదే పట్టింపు. ఏడేళ్ళుగా నా పెంకుల డబ్బా వరండాలో చెప్పుల స్టాండు మీదే ఉంది. నగ అయ్యాక మాత్రం లోపలికి రానిస్తుంది. వాదించకమ్మా. గట్టి మూత ఉన్న డబ్బా ఒకటి కొని బయట పెట్టుకో, పిల్లల చేతికి అందకుండా కూడా ఉంటుంది.