ముందు బిడ్డను చూసే ఆర్డరు తెచ్చుకో

చిరంజీవికి ఆశీస్సులు.

విడాకులు ఎప్పటికి వస్తాయన్న బెంగ కాసేపు పక్కన పెట్టు నాయనా. నీ పాపకు మూడేళ్లు. ఆ వయసులో ఆరు నెలలు కనబడకపోతే నాన్న కొత్త మనిషైపోతాడు. లాయరు వకాలత్ (నీ తరఫున వాదించే అధికార పత్రం) వేసిన రోజే, పాపను చూసేందుకు మధ్యంతర దరఖాస్తు, అదే ఐ.ఎ., వేయించు. విడాకుల కేసు నడుస్తోంది కాబట్టి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఆ కోర్టులోనే అడగొచ్చు. విడాకుల కేసు లేనివాళ్లు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వెళ్లాలి. అది మాత్రం బిడ్డ మామూలుగా ఉంటున్న ఊరి కోర్టులోనే వేయాలి. బిడ్డ గుంటూరులో ఉంటే, తన ఉద్యోగం హైదరాబాదని అక్కడ వేసిన తండ్రి పిటిషన్ పరిధి లేదని వెనక్కొస్తుంది. నెలలు వృథా.

తండ్రే సహజ సంరక్షకుడని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఉంది కదా, కస్టడీ నాదే అనుకోకు. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అదే 6వ సెక్షన్ చెబుతుంది. 13వ సెక్షన్ బిడ్డ క్షేమాన్ని అన్నిటికన్నా పైన పెట్టింది. అందుకే తల్లి మీద నిందలతో పేజీలు నింపొద్దు. టీకాలు ఎవరు వేయించారు, జ్వరమొస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లారు, నువ్వు ఆఫీసుకెళ్తే ఇంట్లో ఎవరుంటారు, ఇవి రాయించు. జడ్జి చూసేది ఇదే.

'వీలున్నప్పుడు చూపించాలి' అన్న ఆర్డరు ఎందుకూ కొరగాదు. ఏ శనివారం, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, ఎక్కడ, ఎవరు తెచ్చి అప్పగించాలి, అన్నీ దరఖాస్తులోనే అడుగు. మొదట రెండు మూడు గంటలు చాలు. అలవాటయ్యాక పగలంతా, ఆ తర్వాతే రాత్రి బస. సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో వాటా, పుట్టినరోజున కొంతసేపు రాయించుకో. వీడియో కాల్‌కు వేళ కూడా పెట్టించు. దూరాన ఉన్న తండ్రికైనా తల్లికైనా రోజూ 5 నుంచి 10 నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని యశితా సాహు కేసులో 2020లో సుప్రీంకోర్టు అంది.

పాపను చూపించలేదని మనోవర్తి ఆపేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. ఆ రెండూ వేర్వేరు. డబ్బు బ్యాంకు ద్వారానే పంపు, చేతికివ్వకు. ఫీజు నేరుగా బడి ఖాతాకే కట్టు. 2020 నాటి రజనీష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. అందులో ఒక్క ఖాతా దాచినా నీ మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు. మనోవర్తి తగ్గుతుందని ఉద్యోగం మానేయడం ఇంకా పెద్ద తప్పు. సంపాదించగల శక్తిని కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది.

ఆర్డరున్నా పాపను తీసుకురాకపోతే ఆ చోటే చెప్పిన సమయమంతా కూర్చో. వచ్చానని మెసేజ్ పెట్టు, తేదీ, వేళ రాసుకో. రెండు మూడుసార్లయ్యాక ఆ వివరాలతో అమలు పిటిషన్ వేయించు. బడి దగ్గరికెళ్లి పాపను ఎత్తుకొచ్చే ఆలోచన మాత్రం వద్దు. ఆ ఒక్క పనితో అంతవరకూ సంపాదించుకున్న నమ్మకమంతా పోతుంది. కలిసినప్పుడు అమ్మ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయొద్దు. పెద్ద పిల్లలతోనైతే జడ్జి ఛాంబర్‌లో విడిగా మాట్లాడతారు. నేర్పించిన మాటలు అక్కడ ఇట్టే తెలిసిపోతాయి.

పరస్పర అంగీకారంతో విడాకులకు సిద్ధమైతే, తొందరగా బయటపడాలన్న ఆత్రంలో చూసే హక్కు వదిలేస్తూ సంతకం పెట్టకు. ఈ వేళలన్నీ ఒప్పంద పత్రంలో ఉండాలి, డిక్రీలోకీ, అంటే కోర్టు తుది ఉత్తర్వులోకీ ఎక్కాలి. సర్టిఫైడ్ కాపీలు రెండు తీయించి, ఒకటి బడిలో ఇవ్వు. పాప ఒకటో తరగతికి వచ్చాక ఈ వేళలు కుదరకపోవచ్చు. అప్పుడు మార్చమని అదే 26వ సెక్షన్ కింద మళ్లీ అడగొచ్చు.