టెస్ట్ సంగతి తర్వాత, ముందు మామయ్యగారిని చూపించండి

(ఈ ప్రశ్న, జవాబు కరోనా ప్రయాణ ఆంక్షలు అమల్లో ఉన్న రోజుల నాటివి.)

ప్రశ్న: సెలవుల్లో పిల్లలతో, మామయ్యగారితో కలిసి విదేశంలో ఉన్న మా ఆడపడుచు దగ్గరికి వెళ్తున్నాం. కరోనా ఆంక్షల వల్ల టికెట్లు ఇప్పటికే రెండుసార్లు మార్చుకున్నాం. ఇంకా 4 రోజులే ఉంది. ప్రయాణానికి 72 గంటల లోపు చేయించిన ఆర్‌టీ-పీసీఆర్ రిపోర్ట్ కావాలట. శాంపిల్ ఎప్పుడిస్తే మంచిది? ఆరేళ్ల బాబుకు రెండు రోజులు ఒళ్లు వెచ్చబడితే పారాసిటమాల్ సిరప్ వేశాను, తగ్గింది. ఎయిర్‌పోర్టులో ఇబ్బంది లేకుండా బయల్దేరే ముందు ఇంకో డోసు వేయనా? మామయ్యగారికి 68 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. వారంగా కాస్త దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు, అజిత్రోమైసిన్ 5 రోజులుగా వాడుతున్నారు.
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర్లో రాసిన రెండు వాక్యాలే నన్ను ఆపేశాయి. షుగర్ ఉన్న 68 ఏళ్ల మనిషికి వారంగా దగ్గు ఉండి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే అది ‘కాస్త దగ్గు’ కాదమ్మా. ఈరోజే డాక్టర్‌కు చూపించండి. వెళ్లేలోగా పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) ఉంటే వేలికి పెట్టి, అంకె నిలకడగా వచ్చేవరకు ఆగి చూడండి. కూర్చుని ఉండగానే 94 కంటే తక్కువుంటే నేరుగా ఆసుపత్రికే. బాగానే ఉంటే పక్కన ఒకరు ఉండి ఇంట్లోనే 6 నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి. 3 పాయింట్లు తగ్గినా, మధ్యలో ఆయాసం వచ్చినా ఆలస్యం చేయొద్దు. అంకె బాగుంది కదా అని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం మానకండి.

ఆ స్టెరాయిడ్ మాత్రలు ఎవరు వాడమన్నారు? కోవిడ్‌లో స్టెరాయిడ్‌తో మేలు కనిపించింది ఆక్సిజన్ అవసరమైన వాళ్లకే. 2020లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే పరిశోధనలో, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌తో ప్రయోజనం తేలలేదు. పైగా షుగర్ పెరుగుతుంది, జ్వరం అణిగిపోయి జబ్బు ముదురుతున్నా బయటపడదు. అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్, వైరస్ మీద పనిచేయదు. ఇది చదివి మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి, షుగర్ కూడా పరీక్ష చేయించండి.

బాబు విషయం. ఎయిర్‌పోర్ట్ దాటడానికి సిరప్ వేయొద్దు. జ్వరం వచ్చి పిల్లాడు నలతగా ఉంటే బరువును బట్టి వేయడం వేరు, ఎయిర్‌పోర్టులో జ్వరం పట్టే కెమెరాకు కనపడకుండా వేయడం వేరు. మందు పనిచేసినంతసేపు ఒళ్లు చల్లగా ఉంటుంది, లోపల ఇన్ఫెక్షన్ ఉంటే అలాగే ఉంటుంది. నాలుగైదు గంటల తర్వాత గాల్లో ఉండగా మళ్లీ కాగితే ఏం చేస్తారు? ఇలా మందేసి పంపించే వాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తున్నారు, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. బాబుకు జ్వరం, తాతగారికి దగ్గు దగ్గరదగ్గరగా వచ్చాయి కాబట్టి 72 గంటల లెక్క కోసం ఆగకుండా ఇంటిల్లిపాదీ ఇప్పుడే టెస్ట్ చేయించుకోండి. ఈరోజు నెగటివ్ వచ్చినా, లక్షణాలు పెరిగితే మళ్లీ చేయించాల్సిందే.

మామయ్యగారు ఇప్పుడు విమానం ఎక్కవచ్చా అనేది చూసిన డాక్టర్ చెప్పాలి. ఉత్తరం చదివినంతలో నేనైతే వద్దనే అంటాను. విమానంలో గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఆక్సిజన్ కొంచెం తగ్గుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటే ఆ కొంచెమే ప్రమాదం.

నిబంధనలు రాత్రికి రాత్రి మారుతున్నాయి, వాటి సంగతి ఎంబసీని, ఎయిర్‌లైన్‌ను అడగండి. తర్వాతెప్పుడైనా బయల్దేరితే, అక్కడ 14 రోజుల క్వారంటైన్ పడినా సరిపోయేలా ఆయన షుగర్, బీపీ మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలో పెట్టుకోండి. ఇన్సులిన్ అయితే చెక్-ఇన్ సామానులో వేయకండి, గడ్డకడితే పనికిరాదు.